బాబుకి మందు వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది: పసిపిల్లల నోటి పూతలో మనం ఎక్కడ తప్పు చేస్తున్నాం?

వెనకాల మావాడి గోల వినపడుతూ ఉంటుంది, ఏమీ అనుకోకండి. వాడు పడుకున్నాక రికార్డ్ చేద్దామని రెండు రోజులుగా చూస్తున్నా. వాడు పడుకునేసరికి నేను పడుకుండిపోతున్నా. అందుకని ఇవాళ ఇలాగే కానిచ్చేద్దాం.

ఈరోజు మాట్లాడుకునేది పసిపిల్లల నోటి పూత గురించి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పూసినట్టు వస్తుంది చూడండి, అది. డాక్టర్లు ఓరల్ థ్రష్ అంటారు. గూగుల్‌లో కొడితే వంద వస్తాయి కదా, నువ్వెందుకు చెప్పడం అంటారేమో. నాకు మా బాబు విషయంలో ఇది మూడు సార్లు వచ్చింది. మూడు సార్లు! నేను స్టాఫ్ నర్సుని అండి. ఎముకల వార్డులో పని చేస్తాను. ఇంట్లో అందరూ "అమ్మాయికి తెలుసులే" అని నా మాట విన్నారు. నాకేమో తెలియలేదు. ఇది ప్రాణం మీదకి వచ్చే జబ్బు కాదు, మామూలుగా అయితే. కానీ దీని వల్ల నేను వాడికి పాలు మాన్పించేదాకా వెళ్లాను. డబ్బా పాలు కొనేశాను కూడా. అందుకే ఈ వీడియో.

మొదట ఏం జరిగిందంటే

నాకు సిజేరియన్ అయింది. పురుడు పుట్టింట్లోనే, తెనాలిలో. ఆపరేషన్ తర్వాత యాంటీబయోటిక్స్ వాడారు, అది మామూలే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా దీనికి.

బాబుకి ఐదో వారం. ఒకరోజు పొద్దున్నే ఆవలిస్తుంటే నాలుక తెల్లగా కనపడింది. అమ్మని పిలిచి చూపించా. "పాలు తాగే నాలుక తెల్లగా కాక నల్లగా ఉంటుందా?" అంది. నాకూ అదే నిజమనిపించింది. మెత్తటి గుడ్డ తడిపి వేలికి చుట్టి తుడిచా. పోలేదు. ఇంకొంచెం గట్టిగా తుడిచా. కొంచెం ఊడింది, దాని కింద ఎర్రగా, పచ్చిగా ఉంది. వాడు గుక్క పట్టి ఏడ్చాడు. నా వేలి మీద గుడ్డకి సన్నగా రక్తపు చార. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

చూశారా, అది పాల తెలుపు కాదు. ఈ తేడా ముందు నేర్చుకుందాం.

పాలు తాగాక ఉండే తెలుపు నాలుక మీదే ఉంటుంది, పల్చగా ఉంటుంది. తడి గుడ్డతో మెల్లగా ఒకసారి తుడిస్తే పోతుంది, లేదా కాసేపటికి దానంతట అదే పోతుంది. థ్రష్ అలా కాదు. విరిగిన పాల ముక్కలు అతుక్కున్నట్టు ఉంటుంది. నాలుక మీదే కాదు, బుగ్గల లోపలి వైపు, పెదవుల లోపల, చిగుళ్ల మీద, అంగుడి మీద కూడా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. తుడిస్తే పోదు. బలవంతంగా గీకితే కింద ఎర్రగా పుండులా కనపడుతుంది. అందుకే నాలుక ఒక్కటే చూసి వదిలేయకండి. బాబు ఏడ్చేటప్పుడు ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, కింది పెదవి కొంచెం లాగి, బుగ్గల లోపల చూడండి. లైట్ కళ్లలో పడకుండా చూసుకోండి.

ఇంకో చిన్న విషయం. కొంతమంది పిల్లలకి చిగుళ్ల మీద, అంగుడి మీద ముత్యాల్లా గట్టిగా, గుండ్రంగా తెల్ల గింజలు ఉంటాయి. పళ్లు వచ్చేస్తున్నాయేమో అనుకుంటారు. అవి థ్రష్ కాదు. ఏ హానీ లేదు, కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. గిల్లడం, చిదమడం చేయకండి.

ఇది ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి కారణం క్యాండిడా అనే ఫంగస్. ఎక్కువగా క్యాండిడా అల్బికాన్స్ అనే రకం. ఈస్ట్ జాతిది. ఇదేదో బయటి నుంచి వచ్చిన వింత పురుగు కాదండి. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మీద, ఆడవాళ్లకి యోని మార్గంలో కొంచెం కొంచెం ఉంటూనే ఉంటుంది. మన ఒంట్లో ఉండే మంచి బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తి కలిసి దాన్ని హద్దులో పెడతాయి.

పసిబిడ్డకి ఆ కాపలా ఇంకా పూర్తిగా తయారవ్వలేదు. అందుకే మొదటి నెలల్లో ఇది ఎక్కువ. కాన్పు సమయంలో తల్లి నుంచి రావచ్చు, తర్వాత చేతుల నుంచి, పాలపీకల నుంచి రావచ్చు. ఇక యాంటీబయోటిక్స్ సంగతి. తల్లి వాడినా, బిడ్డకి వాడినా, అవి చెడ్డ బ్యాక్టీరియాతో పాటు మంచి వాటిని కూడా తగ్గిస్తాయి. ఫంగస్ మీద మాత్రం పని చేయవు. కాపలా వాళ్లు వెళ్లిపోయిన ఇంట్లో దొంగ తిరిగినట్టు, క్యాండిడా పెరిగిపోతుంది. అంటే యాంటీబయోటిక్స్ వాడకూడదని కాదు. అవసరమైతే వాడాల్సిందే. వాడిన తర్వాత బిడ్డ నోరు ఒకసారి గమనించుకోవాలి, అంతే.

అందుకని "నువ్వు శుభ్రంగా ఉండట్లేదు, అందుకే బిడ్డకి నోరు పూసింది" అని ఎవరైనా అంటే, ఈ వీడియో పంపండి. ఎంతో శుభ్రంగా ఉండే ఇళ్లలో కూడా వస్తుంది.

వెలిగారం కథ

ఇప్పుడు మా అమ్మమ్మ దగ్గరికి వద్దాం. ఆవిడకి ఎనభై దాటాయి. బాబు నోరు చూసి, "ఓస్ ఇంతేనా, వెలిగారం పొంగించి తేనెలో రంగరించి నాలుక్కి రాస్తే రెండు రోజుల్లో పోతుంది. నీకూ, మీ అమ్మకీ అదే రాశాను" అంది. పోపుల పెట్టె పక్కన ఎప్పటిదో పొట్లం తీసింది కూడా.

నేను ఆపాను. కానీ నిజం చెప్తున్నా, వెలిగారం గురించి తెలిసి ఆపలేదు. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదని గుర్తొచ్చి ఆపాను. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా గింజలు ఉండొచ్చు. పెద్దవాళ్లని అవి ఏమీ చేయవు. పసివాళ్ల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. దాన్ని ఇన్‌ఫెంట్ బొట్యులిజం అంటారు. బిడ్డ ఒళ్లు వాలిపోతుంది, పాలు పీల్చలేదు, చివరికి ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. అరుదే, కానీ ప్రమాదం. స్వచ్ఛమైన అడవి తేనె అయినా అంతే, వేడి చేసినా అంతే. 12 నెలలు నిండేదాకా చుక్క కూడా వద్దు.

వెలిగారం సంగతి తర్వాత చదివి తెలుసుకున్నా. వెలిగారం అంటే బోరాక్స్. తేనెలో బోరాక్స్ కలిపి పాలపీకలకి రాసి ఇస్తే పసిపిల్లలకి ఫిట్స్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పొట్లం ఎంత దగ్గరగా వచ్చిందో కదా అని.

అమ్మమ్మని తప్పు పట్టట్లేదండి. ఆవిడ రోజుల్లో చేతికి అందేది అదే. ఆవిడకి కోపం రాకుండా ఎలా చెప్పానంటే, "అమ్మమ్మా, ఇప్పుడు దీనికి చుక్కల మందు వచ్చింది, నువ్వే దగ్గరుండి వేయించు" అన్నా. ఆవిడే తర్వాత రోజూ గడియారం చూసి "మందు వేళైంది, వేశావా?" అని అడిగేది. పెద్దవాళ్లకి ఒక పని అప్పగిస్తే సగం గొడవ తగ్గిపోతుంది. ఇది నా అనుభవం.

మందు ఎలా వేయాలి?

పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన నోరు చూసి అరనిమిషంలో చెప్పేశారు. చాలావరకు చూసే చెప్పేస్తారు, టెస్టులు అవసరం పడవు. యాంటీఫంగల్ చుక్కలు రాశారు. మన దగ్గర నిస్టాటిన్ చుక్కలు గానీ, క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ గానీ ఎక్కువగా రాస్తుంటారు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది మీ బిడ్డ వయసు, బరువు చూసి డాక్టర్ చెప్పాలి. నేను ఈ వీడియోలో కొలతలు చెప్పను. మా బాబుకి రాసిన మందు పేరు చెప్పండని మెసేజ్ పెట్టకండి ప్లీజ్. మైకోనజోల్ జెల్ లాంటివి చిక్కగా ఉంటాయి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. ముఖ్యంగా నాలుగు నెలలు నిండని పిల్లలకి. మెడికల్ షాపులో "నోటికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే వస్తువు కాదు ఇది.

కానీ మందు వేసే పద్ధతి మాత్రం చెప్తా. ఎందుకంటే నేను చేసిన మొదటి తప్పు అక్కడే.

నేనేం చేశానంటే, పాలు పట్టే ముందు చుక్కలు నాలుక మీద వేసి, వెంటనే పాలు ఇచ్చేదాన్ని. చేదుగా ఉంటుందేమో, పాలతో పాటు దిగిపోతుందిలే అని. దిగిపోయింది, నిజమే. పొట్టలోకి! ఈ మందు పని చేయాల్సింది మచ్చల మీద. అది ఎంతసేపు మచ్చని అంటిపెట్టుకుని ఉంటే అంత మంచిది.

సరైన పద్ధతి ఇదీ. పాలు పట్టడం అయ్యాక వేయాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. డాక్టర్ చెప్పినంత మందు శుభ్రమైన చిన్న గిన్నెలో తీసుకోండి. శుభ్రమైన వేలితో గానీ, దూది పుల్లతో గానీ, కుడి బుగ్గ లోపల కొంచెం, ఎడమ బుగ్గ లోపల కొంచెం, చిగుళ్లకి, నాలుకకి, తెలుపు ఉన్న ప్రతి చోటా మెల్లగా పూయండి. గొంతు వెనక దాకా పోకండి, వాంతి చేసుకుంటారు. డ్రాపర్‌ని నేరుగా నోట్లో పెట్టి మళ్లీ సీసాలో ముంచకండి, నోట్లో ఉన్న ఫంగస్ సీసాలోకి వెళ్తుంది. మిగిలిన మందుని గిన్నెలోంచి సీసాలోకి తిరిగి పోయకండి. దూది పుల్ల ప్రతిసారీ కొత్తది.

ఇక రెండో తప్పు. నాలుగు రోజులకి తెలుపు మొత్తం పోయింది. నేను మందు ఆపేశా. "తగ్గిపోయిందిగా, పసివాడికి మందులెందుకు" అనుకున్నా. వార్డులో పేషెంట్లకి రోజుకి పది సార్లు చెప్తాను, కోర్సు పూర్తి చేయండి అని. నా ఇంట్లో నేనే ఆపేశా. వారం తిరక్కుండానే మళ్లీ తెల్ల మచ్చలు. కంటికి కనపడకపోయినా ఫంగస్ ఇంకా ఉంటుంది. అందుకే తెలుపు పోయాక కూడా ఇంకొన్ని రోజులు వేయమంటారు. ఎన్ని రోజులన్నది మందుని బట్టి మారుతుంది. డాక్టర్‌ని ఆ ఒక్క ప్రశ్న స్పష్టంగా అడిగి చీటీ మీద రాయించుకోండి: "మచ్చలు పోయాక ఎన్ని రోజులు వేయాలి?"

మూడోసారి

రెండోసారి పద్ధతిగా వేశా. కోర్సు పూర్తి చేశా. తగ్గింది. పది రోజులకి మళ్లీ వచ్చింది.

ఈలోపు నాకు ఒక ఇబ్బంది మొదలైంది. ఈ మాట వీడియోలో చెప్పడానికి చాలా ఆలోచించా. కానీ చెప్పకపోతే ఈ వీడియోకి అర్థమే లేదు. మొదట్లో పాలు ఇవ్వడం నాకు బాగానే ఉండేది. ఉన్నట్టుండి చనుమొనలు మండటం మొదలైంది. కారం రాసినట్టు. బాబు పాలు తాగేటప్పుడే కాదు, వదిలేశాక కూడా దాదాపు గంటసేపు మంట. రెండు వైపులా. చర్మం గులాబీ రంగులో మెరుస్తూ, అక్కడక్కడ పొలుసులు లేస్తూ, దురద. బట్ట తగిలినా భరించలేకపోయేదాన్ని. బాబు ఏడుస్తుంటే, అయ్యో ఆకలేస్తోంది అని కాకుండా, అమ్మో మళ్లీ పట్టాలా అని భయం వేసేది. ఆ భయం వేసినందుకు సిగ్గేసేది. బాలింతకి ఇవన్నీ మామూలే అనుకుని పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని.

అత్తయ్యగారు ఫోన్‌లో అన్నారు, "నీ పాలు వాడికి పడట్లేదేమో అమ్మా. అందుకే మాటిమాటికీ నోరు పూస్తోంది. డబ్బా పాలు మొదలుపెట్టకూడదూ?" ఆవిడ మంచికే అన్నారు. ఆ రాత్రి మా ఆయనతో డబ్బా తెప్పించా. వంటింట్లో గట్టు మీద పెట్టి, మూత తీయబోయి, రేపు ఒకసారి డాక్టర్‌ని అడిగి మొదలుపెడదాం అని ఆగా.

ఒక మాట చెప్పనివ్వండి. డబ్బా పాలు పట్టే తల్లుల్ని నేను ఏమీ అనట్లేదు. ఎవరి పరిస్థితి వాళ్లది. కానీ నా విషయంలో పాలు సరిపోతున్నాయి, వాడు బరువు పెరుగుతున్నాడు. నేను మానేయాలనుకున్నది కేవలం ఒక ఫంగస్ వల్ల. దానికి మందు ఉందని తెలియక.

మర్నాడు వెళ్తే ఆ రోజు వేరే డాక్టరమ్మ ఉన్నారు. బాబు నోరు చూశారు. పాత చీటీలు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "నీకెలా ఉందమ్మా? పాలిచ్చేటప్పుడు నొప్పేమైనా ఉందా?" అన్నారు.

అంతేనండి. నేను ఏడ్చేశా. ఐదు వారాల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ బాబు నోరు చూశారు. నన్ను చూసినవాళ్లు లేరు. నేను కూడా చెప్పలేదు, అది వేరే జబ్బు అనుకున్నా.

ఆవిడ నన్ను పరీక్ష చేశారు, బాబుకి పాలు పట్టించి ఎలా పట్టుకుంటున్నాడో చూశారు. అప్పుడు చెప్పారు: "ఇది మీ ఇద్దరి మధ్య బంతాట ఆడుతోంది. వాడి నోట్లోంచి నీకు, నీ దగ్గర నుంచి వాడికి. వాడికి తగ్గేసరికి నువ్వు తిరిగి ఇస్తున్నావు. ఇద్దరికీ ఒకేరోజు మొదలుపెట్టాలి."

ఈ వీడియోలో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటే, ఇది గుర్తు పెట్టుకోండి. తల్లిపాలు తాగే బిడ్డకి థ్రష్ వస్తే పేషెంట్ ఒక్కరు కాదు, ఇద్దరు. తల్లికి లక్షణాలు ఉంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి. నాకు రాయడానికి యాంటీఫంగల్ క్రీమ్ ఇచ్చారు. పాలు పట్టాక పల్చగా రాయడం, మళ్లీ పట్టే ముందు పైన ఇంకా క్రీమ్ కనపడితే మెల్లగా తుడిచేయడం. పాలు ఆపమనలేదు. వైద్యం జరుగుతుండగా పాలు ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా.

అయితే ఒక జాగ్రత్త. పాలిచ్చేటప్పుడు వచ్చే ప్రతి నొప్పీ థ్రష్ కాదు. బిడ్డ సరిగ్గా నోరు తెరిచి పట్టుకోకపోతే నొప్పి వస్తుంది. చర్మం అలర్జీ, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా వస్తుంది. జ్వరం వచ్చి, ఒక వైపే గట్టిపడి ఎర్రబడితే అది వేరే సమస్య, ఆలస్యం చేయకూడదు. అందుకే ఈ వీడియో చూసి క్రీమ్ కొనేసుకోకండి. చూపించుకోండి. "నాకు ఇలా ఉంది" అని నోరు విప్పి చెప్పండి.

ఇంట్లో దాక్కున్న ఫంగస్

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగారు. "పాలపీక వాడుతున్నారా?"

లేదండి అన్నా. పక్కనే మా తమ్ముడు తల గోక్కున్నాడు. వాడి జేబులో ఒకటి ఉంది! నేను స్నానానికి వెళ్లినప్పుడు బాబు ఏడిస్తే నోట్లో పెడుతున్నాడట. కింద పడితే కుళాయి కింద కడిగి మళ్లీ పెడుతున్నాడట. ఒకసారి తను చప్పరించి శుభ్రం చేసి పెట్టాడట కూడా! డాక్టరమ్మ నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

కాబట్టి ఇంట్లో ఏం చేయాలో వరసగా చెప్తా.

బిడ్డ నోట్లోకి వెళ్లే ప్రతిదీ, అంటే పాలపీకలు, సీసాల మూతులు, ఉగ్గు గిన్నె, చెంచా, కొరికే బొమ్మలు, బ్రెస్ట్ పంప్ వాడితే పాలు తగిలే భాగాలు, ముందు సబ్బు నీళ్లతో తోమి కడిగి, తర్వాత నీళ్లలో మునిగేలా మరిగించాలి. థ్రష్ ఉన్న రోజుల్లో రోజూ ఒకసారి, 20 నిమిషాలు. మరిగించడానికి పనికిరాని ప్లాస్టిక్ అయితే దాని మీద రాసిన పద్ధతిలో స్టెరిలైజ్ చేయండి. కోర్సు పూర్తయ్యాక పాత పాలపీకలు పారేసి కొత్తవి తీసుకోండి. పాలపీక అలవాటే లేకపోతే ఇంకా హాయి.

పిండిన పాలు ఉంటే, వైద్యం జరుగుతున్న రోజుల్లో అప్పటికప్పుడే పట్టేయండి. ఫ్రీజర్‌లో దాచితే ఫంగస్ చచ్చిపోతుందనుకోకండి, చావదు.

తల్లి లోదుస్తులు, పాలు కారకుండా పెట్టుకునే గుడ్డలు, బాబు మూతి తుడిచే గుడ్డలు రోజూ మార్చాలి. తడిసిన ప్యాడ్ అలాగే ఉంచుకోవద్దు. ఈ ఫంగస్‌కి తడి, వెచ్చదనం అంటే ప్రాణం. వేడి నీళ్లలో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరేయండి. ఒకరు వాడిన తువ్వాలు ఇంకొకరు వాడద్దు.

చేతులు. పాలు పట్టే ముందు, మందు వేసే ముందు, వేశాక, డైపర్ మార్చాక సబ్బుతో కడుక్కోవాలి. మన ఇళ్లలో ఇంకోటి ఉంది. లాల పోసే ఆవిడ బిడ్డ గొంతులో వేలు పెట్టి కళ్లె తీస్తారు చూడండి. దయచేసి అది మాన్పించండి. అవసరం లేదు, లోపల గీరుకుపోతుంది, గోళ్లలో ఉన్నదంతా నోట్లోకి వెళ్తుంది. మా ఇంట్లో ఆవిడకి "డాక్టరమ్మ వద్దన్నారు పిన్నిగారూ, మిగతాదంతా మీ ఇష్టం" అని చెప్తే సరేనన్నారు.

తర్వాత డైపర్. నోట్లో ఉన్న ఫంగస్ పేగుల గుండా వెళ్లి మలంలో బయటకి వస్తుంది. బాబుకి తొడల మడతల్లో ఎర్రగా కందిపోతే మేం పౌడర్ కొట్టాం. తగ్గలేదు. అదీ ఇదే ఫంగస్! మామూలు డైపర్ ర్యాష్‌కి, దీనికి తేడా ఏంటంటే, ఇది ముదురు ఎరుపులో, చర్మం మడతల లోపలికి కూడా ఉంటుంది, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు విడివిడిగా కనపడతాయి. దీనికి పౌడర్ కాదు, డాక్టర్ రాసే యాంటీఫంగల్ క్రీమ్ కావాలి. డైపర్ త్వరత్వరగా మార్చడం, రోజూ కాసేపు డైపర్ లేకుండా గాలి తగలనివ్వడం చాలా మేలు చేస్తుంది. నోరు చూపించడానికి వెళ్లినప్పుడు ఆ చోటు కూడా తప్పకుండా చూపించండి.

ఎప్పుడు వెంటనే తీసుకెళ్లాలి?

నోరు మండి కొంతమంది పిల్లలు పాలు పట్టుకుని వదిలేస్తూ, ఏడుస్తూ ఉంటారు. కొంచెం చిరాకు మామూలే. కానీ పాలు పూర్తిగా మానేసినా, మూత్రం తగ్గినా, అంటే రోజుకి ఆరు తడి డైపర్లు కూడా రాకపోయినా, మగతగా ఉన్నా ఆగకండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే నోటి పూత ఉన్నా లేకపోయినా అదే రోజు తీసుకెళ్లాలి.

మందు సరిగ్గా వేస్తున్నా వారానికి తగ్గకపోతే మళ్లీ చూపించండి. ఇద్దరికీ వైద్యం చేసి, పాలపీకలు మరిగించి, అన్నీ చేసినా మాటిమాటికీ వస్తుంటే, లేదా కొంచెం పెద్ద పిల్లలకి కారణం లేకుండా వస్తుంటే, రోగనిరోధక శక్తిలో ఏదైనా లోపం ఉందేమో డాక్టర్లు చూస్తారు. భయపెట్టడానికి కాదు, అడగాల్సిన ప్రశ్న కాబట్టి చెప్తున్నా. ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడే పిల్లలకి కూడా ఇది రావచ్చు. వాళ్లకి ఇన్‌హేలర్ ఇచ్చిన ప్రతిసారీ నోరు తడి గుడ్డతో తుడవాలి, పుక్కిలించే వయసైతే పుక్కిలించి ఉమ్మించాలి. ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

చివరిగా

మా ఇద్దరికీ ఒకేరోజు మందు మొదలుపెట్టాం. మూడో రోజుకి నా మంట సగం తగ్గింది. పదో రోజుకి పాలిచ్చేటప్పుడు నేను ఫోన్‌లో సీరియల్ చూసుకునే స్థితికి వచ్చా. డాక్టరమ్మ చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాం. మళ్లీ రాలేదు. వాడికి ఇప్పుడు 14 నెలలు, అన్నం, పప్పు, నెయ్యి తింటున్నాడు, రాత్రి నిద్రకి ముందు ఇంకా నా దగ్గరికే వస్తాడు. ఆ డబ్బా సీలు తీయకుండానే ఉండిపోయింది. చివరికి పక్క వీధిలో అవసరమైన ఒకావిడకి ఇచ్చేశాం.

ఈ వీడియో తల్లుల కోసం మాత్రమే కాదండి. నాన్నలు, మామయ్యలు, జేబులో పాలపీకలు పెట్టుకుని తిరిగే మా తమ్ముడు లాంటి వాళ్లు కూడా చూడాలి. పాలపీకలు మరిగించడం, గుడ్డలు ఎండలో వేయడం, మందు టైమ్‌కి అలారం పెట్టడం, ఇవన్నీ వాళ్లు చేయగలిగిన పనులే. ఇంకో పని కూడా ఉంది. మీ ఇంట్లో బాలింత ఉంటే, బాబుని ఎత్తుకునే ముందు ఒకసారి ఆమెని అడగండి. "నీకెలా ఉంది?" అని. అంతే.

నేను చెప్పిన దాంట్లో మందుల విషయం ఏదైనా మీ పిల్లల డాక్టర్‌ని అడిగాకే చేయండి. వీడియో ఉపయోగపడింది అనిపిస్తే, పురిటికి పుట్టింటికి వెళ్తున్న మీ అక్కకో, చెల్లికో, వదినకో పంపండి. అమ్మో, వాడు ట్రైపాడ్ లాగేస్తున్నాడు... ఒరేయ్, వదులు నాన్నా. సరే అండి, ఉంటా మరి. మళ్లీ కలుద్దాం, నమస్తే.